మూసిన బొరియల లెక్క

ఏడేళ్ల కిందట మృగశిర కార్తె మూడో రోజు, మంగళవారం, పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలకు న్యాల్‌కల్ దగ్గర తుల్జమ్మ చేను గట్టున స్కూటరు ఆపాను. మొదటి వాన ఆదివారం పడింది. నేల పదునుగా ఉంది. చేనుకు మూడు వైపులా ఎర్ర నేల, పడమటి అంచున మాత్రం నాలుగడుగుల వెడల్పున నల్లరేగడి. చేను మొత్తం అయిదు గుంటలు, ఆరువందల గజాల పైచిలుకు. నా అంగలతో పది అంగల చదరాలుగా కొలిస్తే పది చదరాలు వచ్చాయి. వాటిలో నాలుగు చూశాను.

తెరిచి ఉన్న బొరియలు వరుసగా ఒకటి, సున్న, రెండు, సున్న. మొత్తం మూడు. నోటి దగ్గర మట్టి కుప్పతో మూసి ఉన్నవి పదకొండు, తొమ్మిది, పద్నాలుగు, ఏడు. మొత్తం నలభై ఒకటి. తెరిచినవాటిని నోటుపుస్తకంలో అసలు గడిలో రాశాను. మూసినవాటిని పక్కన రాసి, ఎదురుగా "పాతవి" అని రాశాను.

నేను ముప్పై ఒక్క ఏళ్లు పంటల పురుగులు చూసే ఉద్యోగం చేశాను. రిటైరై మూడేళ్లయింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అనుభవాలు చెప్పమంటే, ముందు ఆ "పాతవి" అన్న మాట గురించే చెబుతాను. ఆ ఒక్క మాటతో ఒక మనిషి పుట్టింటి విత్తనం పోయింది.

పటంలో లేని పురుగు

మాది కృష్ణా డెల్టా. మా ఆయనకు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి జహీరాబాద్ వచ్చాం. ఆ మరుసటి ఏడు నాకు ఇక్కడి ఒక పంటల పరిశోధన కేంద్రంలో పని దొరికింది. నాకు తెలిసిన పురుగులన్నీ వరి మళ్లలోవి. నేలలో బతికేవాటిలో నాకు బాగా తెలిసింది కుమ్మరి పురుగు. దానికి ముందు కాళ్లు పారల్లా ఉంటాయి. తడి నేలలో పైపైన సొరంగం తవ్వుకుంటూ పోతుంది. దారి పొడుగునా మట్టి ఉబ్బి గీతలా కనిపిస్తుంది. గీత ఉంటే పురుగు ఉంది, లేకపోతే లేదు. అంత సులువు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు చిరాగ్‌పల్లి దగ్గర ఒక అల్లం తోటలో వేరే పురుగు కనిపించింది. గోధుమ రంగు, నా చూపుడు వేలులో రెండు కణుపుల పొడుగు, లావు తల, ముళ్లున్న వెనక కాళ్లు. పారల్లాంటి ముందు కాళ్లు లేవు. ఇలకోడి జాతిదే, కానీ ఇంట్లో మూలల్లో అరిచే చిన్న ఇలకోడికి నాలుగింతలు. సీసాలో వేసి మా పెద్దసారు విశ్వనాథం గారి బల్ల మీద పెట్టాను. ఆయన లేచి గోడ మీది పటం దగ్గరికి వెళ్లారు. ఏ పురుగు ఎక్కడ దొరుకుతుందో రంగులు పూసిన పటం అది. నేలలో బొరియ చేసుకుని బతికే ఈ పెద్ద ఇలకోడికి అస్సాం వైపు, అక్కడి నుంచి తూర్పు దేశాల వైపు రంగు పూసి ఉంది. మన వైపు తెల్లగా ఉంది.

"ఇది ఇక్కడ లేదమ్మా" అన్నారు.

"సీసాలో ఉంది కదండీ" అన్నాను.

"లారీలో వచ్చి ఉంటుంది. బొంబాయి రోడ్డు మీద ఏదైనా వస్తుంది. కుమ్మరి పురుగు అని రాసెయ్యి."

రాసేశాను. ఆయన చెడ్డ మనిషి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి కొత్త పురుగు దొరికిందని పైకి రాసి, అది మామూలు పురుగని తేలి, నలుగురిలో మాట పడ్డారట. ఆ తర్వాత పటం దాటి ఒక్క అక్షరం రాయలేదు. ఆయన భయం నాకు అర్థమైంది. నాకు అప్పుడు తట్టనిది ఇంకొకటి. పురుగు ఇక్కడ లేదని ఒప్పుకున్నాక దాని అలవాట్ల గురించి చదవాల్సిన పని నాకు లేకపోయింది. పుస్తకంలో ఆ పేజీ ఉంది. నేను తిప్పలేదు. ఆ తర్వాత ఎర్రనేల చేలల్లో ఎక్కడ మొలకలు తెగినా, సొరంగం గీతలు కనబడకపోతే "కుమ్మరి పురుగు, తక్కువ" అని రాసి వచ్చేశాను. బొరియలు కనబడితే ఏవో చిన్న ఇలకోళ్ల పాత బొరియలనుకున్నాను.

పటంలో తెల్లగా ఉన్న చోటు పురుగు లేని చోటు కాదు. అక్కడికి సీసా పట్టుకుని ఎవరూ వెళ్లలేదని మాత్రమే ఆ తెలుపుకు అర్థం. నాకు ఇది తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

తల్లిగారి జొన్న

తుల్జమ్మకు అప్పుడు యాభై రెండేళ్లు. పుట్టిల్లు సరిహద్దు అవతల, బీదర్ వైపు. పెళ్లయి వచ్చేటప్పుడు ఆమె తల్లి ఒక బుట్టెడు పచ్చజొన్న ఇచ్చి పంపిందట. మిగతా జొన్నల కంటే ఇరవై రోజులు ఆలస్యంగా కోతకు వస్తుంది. రొట్టె రెండో రోజుకూ మెత్తగా ఉంటుంది. నేను తిన్నాను, నిజమే. దానికి వేరే పేరు లేదు, తల్లిగారి జొన్న అనేవాళ్లు.

ఆ ఊళ్లో ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. విత్తనం ఎంత ఉన్నా సగమే చేనుకు పోతుంది. మిగతా సగం బూడిద, వేపాకు కలిపి వెదురుబుట్టలో పోసి, పైన పేడమట్టితో మెత్తి అటక మీద పెడతారు. కొత్త పంట ఇంటికి వచ్చాకే ఆ బుట్ట విప్పుతారు. తుల్జమ్మ ముప్పై నాలుగేళ్లుగా అలాగే చేసింది.

నేను చేను చూసిన ఏటికి ముందు రెండేళ్లూ ఆమెకు పంట చేతికి రాలేదు. ఒక ఏడు కోతకు ముందు వానకు కంకి నల్లబడింది. ఇంకో ఏడు ఆమెకు ఒంట్లో బాగాలేక చేను బీడు పడింది. బుట్టలో మిగిలిన గింజలు నా చిన్న కాటాలో తూచాను. మూడువందల ఇరవై గ్రాములు. తూకానికి ముందే విడిగా తీసిన వంద గింజలు తడిగుడ్డలో చుట్టి పెడితే అరవై ఒకటి మొలిచాయి.

"వచ్చే ఏటికి ముప్పై కూడా మొలవవు. మొత్తం ఈసారే వేసేయండి" అన్నాను.

"మొత్తమా? సగం ఆపాలె గద మేడం."

"ఆపితే ఆ సగం చచ్చిపోతుంది తుల్జమ్మా. చేను నేను చూస్తాను."

ఆ చూడటమే ఆ మంగళవారం పొద్దున నేను చేసిన లెక్క. తుల్జమ్మ నా వెనకే నడుస్తోంది. గట్టు మీద ఆమె భర్త మాణయ్య చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు.

"గివి లెక్కవెట్టరా మేడం?" అంది తుల్జమ్మ, మూసిన బొరియలు చూపించి.

"అవి పాతవి. ఖాళీవి. పురుగు వెళ్లిపోయాక మట్టి పడి మూసుకుపోయాయి."

మాణయ్య గట్టు మీద నుంచే అన్నాడు: "గదేంది మేడం, తలుపు మూస్కున్నోడు ఇంట్ల ఉన్నట్టా, ఊరికి పోయినట్టా?"

"జర నోరు మూస్కో. మేడం సదువుకున్నది" అంది తుల్జమ్మ.

నేను నవ్వాను. అతనూ నవ్వాడు. మొన్న వాన పడింది కదా, ఆ కుప్పల మట్టి వానకు తడిసి గట్టిపడకుండా పొడిపొడిగా ఎందుకు ఉందో ఆ నవ్వులో నాకు తట్టలేదు. అది రాత్రి తీసిన తాజా మట్టి. వేలితో ముట్టుకుంటే తెలిసేది.

మొత్తం పది చదరాలకు తెరిచిన బొరియలు ఏడో ఎనిమిదో ఉంటాయని లెక్కేసి, "భయం లేదు, వేసుకోండి" అన్నాను. మర్నాడు బుధవారం నలభై సాళ్లలో మూడువందల ఇరవై గ్రాములూ విత్తారు.

తలుపు తెరిచిన వేళ

ఆదివారం సాయంత్రం తుల్జమ్మ ఫోన్‌లో ఫోటో పంపింది. ఎర్ర మట్టిలో పచ్చటి సూదుల్లా మొలకలు. కింద రెండు దండాల బొమ్మలు. సోమవారం ఏమీ పంపలేదు. మంగళవారం పొద్దున ఆరు దాటగానే మాణయ్య ఫోన్ చేశాడు.

"మేడం, మొలకలు కోసుకపోతున్నయ్. జల్ది రాండ్రి."

వెళ్లేసరికి తుల్జమ్మ సాళ్ల మధ్య గొంతుకూర్చుని ఉంది. లేవలేదు. మొదళ్ల దగ్గర కత్తెరతో కత్తిరించినట్టు మొలకలు తెగి ఉన్నాయి. కొన్నిటి కొనలు మూసిన బొరియల మట్టిలో నుంచి బయటికి కనబడుతున్నాయి. ఒకటి పట్టుకుని లాగాను. లోపలి నుంచి ఎవరో తిరిగి లాగారు. ఆ లాగుడు నా వేళ్లకు ఇప్పటికీ గుర్తుంది.

తెగిన మొదళ్లు, నిలబడ్డ మొలకలు కలిపి ఆరు సాళ్లు లెక్కపెట్టాను. సాలుకు సగటున నూట ముప్పై అయిదు. నలభై సాళ్లకు అయిదువేల నాలుగువందలు మొలిచాయన్నమాట. అందులో అప్పటికి నిలబడ్డవి మూడువేల ఎనిమిదివందల అరవై.

ఆ రోజు నేను ఇంటికి వెళ్లలేదు. సాయంత్రం ఆరున్నరకు ఒక మూసిన బొరియకు రెండు అడుగుల దూరంలో నేను, తుల్జమ్మ కూర్చున్నాం. పొద్దు గుంకింది. ఏడు గంటల అయిదు నిమిషాలకు కుప్ప మీది మట్టి కదిలింది. ముందు మీసాలు, తర్వాత లావు తల. కాసేపు అక్కడే ఆగింది. బయటికి వచ్చి, జానెడు దూరంలో ఉన్న మొలకను మొదట్లో కొరికి, వెనక్కి నడుస్తూ బొరియలోకి ఈడ్చుకుపోయింది. మళ్లీ వచ్చింది. ఇరవై రెండు నిమిషాల్లో మూడు. తర్వాత లోపలి నుంచి మట్టి ఎగదోసి నోరు మూసుకుంది.

తుల్జమ్మ నెమ్మదిగా అంది: "ఇంట్లనే ఉన్నది మేడం."

నేను గడియారం చూసి వేళ రాసుకున్నాను.

"సగం బుట్టల ఉంటే ఇయ్యాల గీ ఏడుపు లేకుండె" అంది. నా మొహం చూడలేదు. మళ్లీ తనే, "నువ్వు జెప్పినవు గని, చేతులు నావే. నేనే ఏసిన" అంది. ఈ రెండో మాట అనకపోయి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బుధవారం పొద్దున గునపంతో ఇరవై మూసిన బొరియలు తవ్వాం. పద్దెనిమిదింటిలో పురుగు ఉంది. తెరిచి ఉన్నవి మూడు తవ్వాం. మూడూ ఖాళీ. పగటిపూట ఈ పురుగు ఇంట్లో ఉంటే తలుపు మూసి ఉంటుంది. నేను ఖాళీ ఇళ్లను లెక్కపెట్టి, మనుషులున్న ఇళ్లను వదిలేశాను. నలభై ఒకటిని పది చదరాలకు లెక్కిస్తే నూటికి పైనే. ఆ అంకె మొదటి రోజే నా నోటుపుస్తకంలో ఉంది, తప్పు గడిలో.

ఒక బొరియ అడుగున పాత ఆకుముక్కల మధ్య బియ్యపు గింజల్లాంటి గుడ్లు, వాటి దగ్గరే తల్లి. మాణయ్య గునపం ఆపి చూశాడు. "దీంది గూడ గదే కత మేడం. పిల్లల కోసం దాసుకుంటున్నది" అన్నాడు. అని, గునపం దాని మీదికి దించాడు. తప్పదు కదా.

అయిదు రోజులు

సబ్బునీళ్లు పోస్తే పురుగు బయటికి వస్తుంది. మేం ముగ్గురం బుధవారం ముప్పై ఒకటి, గురువారం ఇరవై ఏడు, శుక్రవారం పదహారు పట్టాం. మొత్తం డెబ్బై నాలుగు. కానీ పట్టిన చోటే మర్నాడు కొత్త కుప్ప కనబడేది. చుట్టూ బీడు. ఆ ఊరి ఆ పక్కన అప్పటికి పచ్చగా ఉన్నది తుల్జమ్మ చేను ఒక్కటే. గురువారం తవుడులో బెల్లం, మందు కలిపి ఉండలు పెట్టాం. సాయంత్రం వానకు అవి కొట్టుకుపోయాయి.

రోజూ పొద్దున నిలబడ్డవి లెక్కపెట్టాను. బుధవారం రెండువేల తొమ్మిదివందలు. గురువారం పంతొమ్మిదివందల ఎనభై. శుక్రవారం పదకొండువందలు. శనివారం నాలుగువందల ఎనభై. ఆదివారం రెండువందల పన్నెండు. సోమవారం కూడా రెండువందల పన్నెండే.

ఎందుకు ఆగిందో మాణయ్యే చూపించాడు. మిగిలినవన్నీ పడమటి చివరి రెండు సాళ్లలో ఉన్నాయి, నల్లరేగడిలో. అక్కడ ఒక్క బొరియ లేదు. నల్ల నేల ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బి మూసుకుపోతుంది. బొరియ నిలవదు. ఆ పురుగుకు ఇల్లు ఎర్ర నేలే. దాని రాజ్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గోడ మీది పటంలో ఏళ్ల తరబడి చూశాను. నిజమైన హద్దు తుల్జమ్మ చేలో ముప్పై ఎనిమిదో సాలుకు, ముప్పై తొమ్మిదో సాలుకు మధ్య ఉంది.

"రెండువందలైతే సాల్తయ్ మేడం. విత్తనానికి సాల్తయ్" అంది తుల్జమ్మ. వారం తర్వాత మొదటిసారి నవ్వింది. నిజమే. రెండువందల కంకులంటే మళ్లీ బుట్ట నిండుతుంది. ఫికర్ చేయొద్దని నాకే చెప్పి, రొట్టె, పచ్చడి పెట్టి పంపింది.

ఆరుద్ర కార్తెలో ముసురు పట్టింది. నల్లరేగడిలో ఆరు రోజులు నీళ్లు నిలిచాయి. మాణయ్య పారతో కాలువ తీశాడు. పల్లం చేను, నీళ్లు పోవడానికి చోటు లేదు. మొక్కలు పసుపు రంగుకు తిరిగాయి. తుల్జమ్మ నలభై మొక్కలు వేరుమట్టితో పెకలించి ఇంటి పెరట్లో నాటింది. వేళ్లు అప్పటికే నల్లబడ్డాయి. ఎర్ర నేలలో పురుగు, నల్ల నేలలో నీళ్లు. జొన్నకు నిలబడే చోటు దొరకలేదు.

వాన తెరిపిచ్చాక తుల్జమ్మ బస్సెక్కి పుట్టింటికి వెళ్లింది. సాయంత్రానికే తిరిగొచ్చింది.

"తమ్ముడు పద్నాలుగేండ్ల సంది సోయా ఏస్తున్నడట. ఊరంత సోయానే. గా జొన్న ఏదక్కా అని నన్నే అడుగుతున్రు" అంది.

ఆ తర్వాత

విశ్వనాథం గారు అప్పటికి రిటైరై హైదరాబాద్‌లో ఉన్నారు. ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఆ సీసా నాకు గుర్తుందమ్మా. నేనూ వెళ్లి తవ్వి చూడాల్సింది" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. సీసా తెచ్చిన దాన్ని నేనే. చూసింది నేను, నా కంటి కంటే ఆయన పటాన్ని ఎక్కువ నమ్మింది నేనే.

మిగిలిన నాలుగేళ్ల ఉద్యోగంలో చిరాగ్‌పల్లి మిట్టల నుంచి న్యాల్‌కల్ దాకా చేలల్లో తిరిగి మూసిన బొరియలు లెక్కపెట్టాను. ఎర్ర నేల ఉన్న ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక చేలో ఆ ఇలకోడి ఉంది. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు. లారీలో వచ్చింది కాదు. ముసలివాళ్లను అడిగితే తమ తాతల నాటి నుంచీ ఉందన్నారు. వాళ్లను అంతకు ముందు ఎవరూ అడగలేదు, అంతే.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఎక్కువేం లేదు. చేను చూడటానికి వెళ్లినప్పుడు ఒక పూట కాదు, పొద్దు గుంకాక ఒక గంట కూడా ఉండండి. ఏ వేళ లెక్కపెట్టారో అంకె పక్కన రాయండి. వేళ లేని అంకె నాకు పనికిరాదు. "పాతవి" అని రాసేముందు వేలితో ముట్టుకోండి, ఒకటైనా తవ్వండి. గట్టు మీద కూర్చున్న మనిషి హాస్యమాడితే నవ్వండి, కానీ ఆ మాట రాసుకోండి. ఆ ఆడవాళ్లు దాచిన సగం విత్తనం జోలికి మాత్రం వెళ్లకండి. మొలక శాతం తగ్గుతుందన్న నా మాటలో శాస్త్రం తప్పు లేదు. కానీ వాళ్లు ఆ సగం దాచేది మొలక శాతం తెలియక కాదు. చేనుకు ఏమైనా కావచ్చని, చెప్పేవాళ్లు పొరపాటు పడవచ్చని. నా లాంటి వాళ్లను లెక్కలోకి తీసుకునే పెట్టుకున్న పద్ధతి అది. దాన్ని నేనే తీసేయించాను.

ఇది రాస్తానంటే తుల్జమ్మ అడ్డం చెప్పలేదు. "నా పేరు మార్చు, లెక్క మార్చకు" అంది. పేరు మార్చాను. లెక్క ఇది.

విత్తినవి మూడువందల ఇరవై గ్రాములు. మొలిచినవి అయిదువేల నాలుగువందలు. పురుగు కోసినవి అయిదువేల నూట ఎనభై ఎనిమిది. నీటికి కుళ్లినవి నూట డెబ్బై రెండు. పెరట్లో నాటి చచ్చినవి నలభై. కోతకు వచ్చిన కంకులు లేవు. బుట్టలో గింజలు లేవు. పుట్టింటి ఊళ్లో గింజలు లేవు. పోయినది తల్లిగారి జొన్న, ఒక రకం, మొత్తం.